తిన్నావా అని అడగని ఊరు

అనగనగా ఒక ఊరు. ఏ కాలమంటారా? మా అవ్వ వాళ్ళ అవ్వకు కూడా అది పాత కాలమే. ఊరి పక్కన గుట్ట, గుట్ట మీద పెద్ద విద్యాలయం. వైద్యం, గణితం, వాస్తు, ఏది కావాలంటే అది అక్కడ నేర్పేవాళ్ళు. రాజుగారు అయ్యవార్లకు మాన్యాలిచ్చాడు. ఏనుగుల మేతకు కూడా పొలాలిచ్చాడు. చదువుకునే పిల్లల కడుపు సంగతి మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. రాజులు కదా, అంతే!

ఉన్నవాళ్ళ పిల్లలు ఇంటి నుంచి బియ్యం మూటలు తెచ్చుకునేవాళ్ళు. లేనివాళ్ళు వారాలు చేసుకునేవాళ్ళు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులకు ఏడిళ్ళలో భోజనం. ఏడిళ్ళూ కుదరని పిల్లవాణ్ణి విద్యాలయంలో ఉండనిచ్చేవాళ్ళు కాదు. "పస్తులుండి ప్రాణం మీదికి తెచ్చుకుంటే ఆ పాపం మాకెందుకు" అని ఇంటికి పంపేసేవాళ్ళు.

గుట్ట మెట్ల మొదట్లో చెంగమ్మ గుడిసె. విస్తళ్ళు కుట్టి ఇంటింటికీ వేసి బతికేది. నా అన్నవాళ్ళు లేరు. మెట్లెక్కే ప్రతి పిల్లవాణ్ణీ పలకరించేది.

"బువ్వ తింటివా నాయనా?"

"తింటినమ్మా."

అందరిదీ అదే జవాబు. మనం మాత్రం ఏమంటాం? కడుపు కాలుతున్నా తిన్నామనే అంటాం. మన మర్యాదలు అలాంటివి.

ఒక ఏడు వానలు పడలేదు. ఆ ఏడే ఓబులేసు అనే పిల్లవాడికి వైద్యం చదువు పూర్తి కావాలి. వాడు గొర్రెలు కాసే ఇంటి బిడ్డ. వాళ్ళ పల్లెలో వైద్యుడు లేక తండ్రి జ్వరంతో పోయాడు. వేసవి చివర సభలో నిలబడి అయ్యవార్లు అడిగినవాటికి జవాబు చెబితే వాడే వైద్యుడు.

సోమవారం ఇల్లాలు గడపలోనే నిలబడింది. "బావి ఎండిపాయ నాయనా, ఇంక రావొద్దు" అంది. "పర్వాలేదమ్మా" అన్నాడు ఓబులేసు. బుధవారం ఇల్లాలు కూడా గడపలోనే నిలబడింది. "గాదె అడుగంటె నాయనా, ఇంక రావొద్దు" అంది. "పర్వాలేదమ్మా" అన్నాడు. శనివారం ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. పర్వాలేదని చెప్పడానికి కూడా అక్కడ మనిషి లేడు.

ఈ సంగతి పైన తెలిస్తే చదువు ఆగిపోతుంది. అందుకని తిండి లేని రోజున కూడా ఓబులేసు అందరితో పాటే మెట్లు దిగేవాడు. బండల వెనక కూర్చుని వేయించిన చింతగింజలు నమిలేవాడు. మూతి తుడుచుకుంటూ పైకెళ్ళేవాడు. వాడికి ఆకలి కన్నా భయమే ఎక్కువ.

చెంగమ్మ చూస్తూనే ఉంది. ముందు వాడి నడక నెమ్మదించింది. "తింటివా నాయనా?" "తింటినమ్మా." తర్వాత గోడ పట్టుకుని ఎక్కాడు. "తింటివా నాయనా?" "తింటినమ్మా." ఆమె మనసు కీడు శంకించింది. అయినా వాడి మాటే నమ్మింది. మూడోసారి వాడు జవాబు చెప్పలేదు. మెట్ల మీద నుంచి దొర్లుకుంటూ వచ్చి గుడిసె ముందు పడ్డాడు.

చెంగమ్మ ముఖాన నీళ్ళు చల్లింది. అమ్మకానికి కుట్టిన విస్తరి పరిచి, తన కోసం వండుకున్న సంగటి ముద్ద పెట్టింది. వాడు కళ్ళు తెరిచాడు. "తింటినమ్మా" అన్నాడు.

"నిన్నెవరు అడిగినారు? కూచో."

వాడు తిన్నాడు. తిని ఆమె చేతులు పట్టుకున్నాడు. "అయ్యవారికి చెప్పొద్దమ్మా. చెప్తే పంపించేస్తారు."

చెప్పనంది చెంగమ్మ. కానీ ఆ రోజు నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు. తింటినని చెప్పి వెళ్ళిన పిల్లలు ఇంకా ఎంతమందో! అడిగితే నిజం చెప్పరు. అడక్కపోతే ఎవడు ఎప్పుడు పడిపోతాడో తెలియదు.

విస్తళ్ళ కట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "విస్తరికి గుప్పెడు గింజలు పోయండి తల్లీ, ఇంకేమీ వద్దు." ఒకరు జొన్నలు పోశారు, ఒకరు కొర్రలు, ఒకరు రాగులు. అన్నీ ఒకే కుండలో ఉడికించింది. గుడిసె ముందు వరుసగా విస్తళ్ళు వేసి, దిగిన ప్రతివాణ్ణీ "కూచో" అంది.

"నేను తింటిని అవ్వా" అన్నాడు శెట్టి కొడుకు.

"తినలేదని ఎవరన్నారు? కూచో."

ఉన్నవాడూ లేనివాడూ పక్కపక్కన కూర్చునేసరికి ఆకలిగొన్నవాడు ఎవడో ఎవరికీ తెలియలేదు.

కానీ ఇలాంటివి దాగుతాయా? ఒకరోజు పెద్ద అయ్యవారు మెట్లు దిగి వచ్చాడు. పిల్లల చేతులు విస్తట్లోనే ఆగిపోయాయి. ఓబులేసు పక్కవాడి వెనక్కి నక్కాడు.

"వీళ్ళలో వారాలు లేనివాళ్ళెవరు? లేవండి."

శెట్టి కొడుకు లేచాడు. "నాకు లేవు సామీ."

నిజమేగా! బియ్యం మూటలున్నవాడికి వారాలెందుకు? విద్యాలయం దీపాలకు నూనె పోసేది వాళ్ళ నాయనే. వాణ్ణెలా పంపుతాడు? వాడి పక్కవాడు లేచాడు. ఆ పక్కవాడూ లేచాడు. చూస్తుండగానే వరుసంతా నిలబడింది.

చెంగమ్మ ఇంకో విస్తరి వేసింది. "కూచోండి సామీ" అంది. ఆయన వరుసను ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత కూర్చున్నాడు. పంపించెయ్యడమన్న మాట మళ్ళీ ఆయన నోట రాలేదు.

ఓబులేసు సభలో నెగ్గాడు. ఆ సంగతి చెప్పాలని ముందుగా చెంగమ్మ దగ్గరికే పరిగెత్తాడు. ఆమె మోదుగాకుల మీద పడి ఉంది. వైద్యుడై అతను పట్టుకున్న మొదటి నాడి ఆమెదే. ఆకలి తప్ప ఇంకే రోగమూ లేదు. అప్పటికే చేయి దాటిపోయింది.

పిల్లలు రోజూ అడుగుతూనే ఉండేవాళ్ళు. "నువ్వు తింటివా అవ్వా?" "తింటిని నాయనా" అనేది. అందరూ నమ్మారు. అయ్యో, ఒక్కరైనా ఆమెకో విస్తరి వెయ్యలేదు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో చదువుకునే పిల్లలకు వరుసగా విస్తళ్ళు వేస్తారు. తిన్నావా అని ఎవరూ ఎవర్నీ అడగరు. మొదటి విస్తరి వండిన మనిషిది. ఆ మనిషి కూర్చుని కడుపునిండా తినేదాకా, ఎంత ఆకలిగా ఉన్నా సరే, పిల్లలెవరూ ముద్ద ముట్టరు.