తలుపు దగ్గర మీటరు

వకుళ కోపం మైనర్ అన్న మాట దగ్గర మొదలైంది.

ఆమెది మెకానికల్ ఇంజనీరింగ్, మూడో సంవత్సరం. దానికి తోడు న్యూక్లియర్ ఇంజనీరింగ్‌ను మైనర్‌గా తీసుకుంది. అంటే అసలు డిగ్రీ ఒక విభాగంలో, అదనంగా కొన్ని పేపర్లు ఇంకో విభాగంలో. ఎవరి బలవంతమూ లేదు. రియాక్టర్‌లో పుట్టిన వేడిని నీళ్ళు ఎలా మోసుకుపోతాయో తెలుసుకోవాలని తనంతట తానే చేరింది. ఆ విభాగం పిల్లలు మాత్రం పిలవని పెళ్ళికి వచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

అదైనా ఓర్చుకునేది. ఓర్చుకోలేనిది తలుపు దగ్గర డ్యూటీ.

రేడియేషన్ ల్యాబ్‌లోంచి బయటికి వెళ్ళే ప్రతివాళ్ళూ తలుపు పక్కనున్న మీటరుకు ముందు అరచేతులు, తర్వాత బూట్ల అడుగులు చూపించాలి. లోపలి పదార్థం ఏ కాస్తయినా ఒంటికి అంటుకుని బయటికి పోకూడదని ఆ ఏర్పాటు. మీటరు తీరుబడిగా టిక్కు టిక్కుమంటే వెళ్ళొచ్చు. గడగడమంటే ఆగాలి. మీటరు పట్టుకుని, చూసి, "వెళ్ళండి" అనడానికి ఒక మనిషి ఉండాలి. సెమిస్టర్ మొదలైనప్పటి నుంచీ ఆ మనిషి వకుళే. అందరూ బల్లల దగ్గర ప్రయోగం ముగిస్తుంటే ఆమె ముందే లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడాలి.

"వాచ్‌మన్ గారూ, గేటు తీయండి" అనేవాడు నిరంజన్. ఆ విభాగంలో అతనిది మొదటి ర్యాంకు. జేబుల్లోంచి చేతులు తీయకుండానే వెళ్ళిపోయేవాడు. మొదట్లో వకుళ అడ్డుపడింది.

"మేజర్ వాళ్ళకి మైనర్ వాళ్ళు చెకింగా?" అన్నాడతను. వెనక అందరూ నవ్వారు.

ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. పోతే పోనీ, వాళ్ళ ల్యాబు, వాళ్ళ ఇష్టం అనుకుంది.

మైనర్ వదులుకోవడానికి ఇక ఒక్క రోజే గడువు. వకుళ ప్రొఫెసర్ ఇమ్మానుయేలు గదికి వెళ్ళింది. ల్యాబ్ ఆయనదే. ఆ డ్యూటీ వేసిందీ ఆయనే.

"సార్, నేను మానేస్తున్నాను."

ఆయన బత్తాయి వలుస్తున్నాడు. చెయ్యి ఆగలేదు. "ఏం మానేస్తున్నావమ్మా?"

"మైనర్. రియాక్టర్ గురించి నేర్చుకుందామని వచ్చాను సార్, కాపలా కాయడానికి కాదు. ఒక్కసారన్నా నిరంజన్‌ని తలుపు దగ్గర నిలబెట్టారా? మీ పిల్లలేమో బల్లల దగ్గర. పరాయి పిల్ల గుమ్మం దగ్గర. ఇదేం న్యాయం?"

 

"అన్యాయంగా ఉందా?"

"ఉంది సార్."

ఆయన సగం బత్తాయి ఆమె ముందు పెట్టాడు. ఆమె ముట్టలేదు.

"మధ్యాహ్నం ల్యాబ్ ఉందిగా. అది కానీ. తర్వాత మానేద్దువుగాని."

కసిరితే ఎదురు చెప్పేది. బతిమాలితే ఆలోచించేది. బత్తాయి పెట్టిన మనిషితో ఏం పోట్లాడుతుంది? మెట్లు దిగుతూ ఆయన్ని కూడా నిరంజన్ పక్కన చేర్చి తిట్టుకుంది.

మధ్యాహ్నం ల్యాబ్ ముగుస్తుండగా వెళ్ళి మీటరు చేతిలోకి తీసుకుంది. ఇదే ఆఖరు కదా అని మొహం గోడకేసి పెట్టింది.

అందరికన్నా ముందు ప్రొఫెసరే వచ్చాడు. చంకలో కాగితాల కట్ట. ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించి, "వచ్చేస్తున్నానండీ, వచ్చేస్తున్నా" అంటూ వేగంగా నడుస్తున్నాడు. వకుళ మీటరు బల్ల మీద పెట్టేసి, పక్కకి జరిగి, ఆయన కోసం తలుపు తెరిచి పట్టుకుంది.

"వెళ్ళండి సార్."

ఆయన వెళ్ళాడు. వరండాలో నాలుగు అడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగి మళ్ళీ లోపలికొచ్చాడు. కాగితాలు స్టూలు మీద పెట్టాడు. ఫోను జేబులో వేసుకున్నాడు. అవతల ఎవరూ ఉన్నట్టు లేదు.

ఆయన కుడిచెయ్యి పిడికిలి బిగించి ఉందని వకుళ అప్పుడు చూసింది.

ఆ పిడికిలి మీటరు ముందు పెట్టి తెరిచాడు. అరచేతిలో చొక్కా గుండీ కన్నా కాస్త పెద్ద ఎర్రబిళ్ళ. కొద్దిపాటి రేడియేషన్ ఉన్న ఆ బిళ్ళతోనే రోజూ పొద్దున మీటరు పనిచేస్తోందో లేదో చూస్తారు. మీటరు గడగడమంది. బల్లల దగ్గర తలలన్నీ ఇటు తిరిగాయి.

"నన్నెందుకు వదిలేశావు?"

"మీరు... సార్ కదా."

"నిరంజన్‌నో?"

ఆమెకి మళ్ళీ కోపమొచ్చింది. "వాచ్‌మన్ అంటున్నాడు సార్. మీకు వినపడలేదా?"

"వినపడింది. నువ్వేమంటావోనని చూశాను. నువ్వేమీ అనలేదు."

వకుళ తల దించుకోలేదు.

ఆయన గొంతు పెంచలేదు. "వీళ్ళందరికీ నా సంతకంతో డిగ్రీ రావాలి. నన్ను ఆపరు. ఒకే హాస్టల్లో పడుకుంటారు. ఒకళ్ళనొకళ్ళు ఆపుకోరు. నీ డిగ్రీ నా చేతిలో లేదమ్మా."

అని, బిళ్ళ తీసుకెళ్ళి డబ్బాలో పెట్టి మూత వేశాడు. సింకు దగ్గర చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. ఈలోగా పిల్లలు తలుపు దగ్గర వరసకట్టారు. ముందున్న నిరంజన్ నవ్వుతూ పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

"మీరు పదండి సార్."

ప్రొఫెసర్ తలుపు వైపు నడిచాడు. గుమ్మానికి అడ్డంగా వకుళ నిలబడి ఉంది.

"చేతులు, సార్."

ఆయన చూపించాడు. ఆమె మీటరును కుడి అరచేతి మీదుగా, తర్వాత ఎడమ అరచేతి మీదుగా, వేళ్ళ చివరలదాకా నెమ్మదిగా జరిపింది. టిక్కు. టిక్కు.

"బూట్లు."

ఆయనకి మోకాళ్ళ నొప్పి. తలుపు రెక్క పట్టుకుని, కాస్త తూలి, ఒక కాలు ఎత్తాడు. ఆమె చూసింది. ఆయన కాలు దించి బయటికి అడుగేయబోయాడు.

"రెండోది, సార్."

ఆయన రెండో కాలు ఎత్తాడు.

వెనక నిరంజన్ నవ్వు ఆపి, జేబుల్లోంచి చేతులు బయటికి తీశాడు.