ఆదెమ్మ గేదె ఆగిన చోటు

ఇటు తిరిగి పడుకో తల్లీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇది కొంచెం ఏడుపు కథ, ముందే చెబుతున్నాను. మధ్యలో ఆపమంటే మాత్రం ఆపను.

అనగనగా గోదారి నడుమ ఒక లంక ఊరు ఉండేదిట. ఊరికీ ఆవలి ఒడ్డుకీ మధ్య ఒక ఏటిపాయ, దాని మీద ఒకే ఒక్క రోడ్డు. ఎంత కిందుగా వేశారో ఏమో, గోదారి కాస్త పొంగితే చాలు, అది మునిగిపోయేది. ఎత్తుగా వంతెన కట్టిస్తామని వచ్చిన ప్రతివాళ్ళూ చెప్పేవారు. చెప్పేసి జీపెక్కి వెళ్ళిపోయేవారు.

ఆ ఊళ్ళో ఆదెమ్మ అని ఒకావిడ. మొగుడు లేడు, వరహాలు అని ఒక్కతే కూతురు. ఇంకా ఒక ముసలి గేదె ఉండేది, నుదుట తెల్ల చుక్క ఉంటుందని దాన్ని చుక్కాలు అనేవారు. రోజూ ఆ రోడ్డు మీదుగానే ఆవలి గట్టుకి మేతకి వెళ్ళొచ్చేది కదా, అందుకని రోడ్డు నీళ్ళలో ఉన్నా ఎక్కడుందో దాని కాళ్ళకి తెలిసిపోయేది. వరద తీస్తున్నప్పుడు ముందు చుక్కాలు నడిచేది, వెనకాల జనం తాడు పట్టుకుని నడిచేవారు. గేదె ఆగితే అందరూ ఆగిపోవాలి. అది ఆ ఊరి కట్టుబాటు.

ఒక ఏడాది వరహాలు పురిటికి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి. అప్పుడు పైనుంచి పెద్ద వరద వస్తోందని తెలిసి, కడుపుతో ఉన్నవాళ్ళని ముందుగానే ఆవలి ఒడ్డున ఆసుపత్రికి తీసుకుపోయారు. అల్లుడు తోడు వెళ్ళాడు. గేదెని మెరక మీద కట్టేసి, పొరుగింటి సూరిబాబుకి అప్పజెప్పి పొద్దున్నే వచ్చేస్తానంది ఆదెమ్మ. తెల్లారేసరికి రోడ్డు లేదు, ఎటు చూసినా ఎర్రనీళ్ళే. ఒరవడి తగ్గేదాకా పడవలు కూడా తియ్యొద్దన్నారు.

ఆ తర్వాత అల్లుడు ఫోను చేశాడు. ఆడపిల్ల పుట్టిందిట. ఆదెమ్మ సంబరం చూసి తీరాలి. తన పాత నేతచీర ముక్కలుగా చింపి, ఉతికి, పొయ్యి పక్కన ఆరబెట్టి మూట కట్టింది. పుట్టిన బిడ్డకి కొత్త బట్ట గరుకు కదా, అమ్మమ్మ చీర ముక్కే మెత్తన. నిన్నూ అలాగే చుట్టాను నేను.

పడవలు ఇంకా తియ్యలేదు గాని, రోడ్డు మీద నీళ్ళు నడుము కిందికి దిగాయి. అప్పుడు ఆదెమ్మ చుక్కాల్ని ముందు పెట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరింది. వెనకాల సూరిబాబూ, ఇంకొంతమందీ. సగం దూరం వెళ్ళాక గేదె ఆగిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు. అందరూ వెనక్కి వచ్చేశారు.

మర్నాడు మళ్ళీ ఫోను. బిడ్డ పాలు తాగడం లేదు, ఒళ్ళు కాలిపోతోందిట. ఆదెమ్మ మూట నెత్తికెత్తుకుంది. మళ్ళీ గేదెని తోలింది. అది సరిగ్గా అక్కడే ఆగింది. ముసలిదానికి బెదురు పట్టుకుందని చెప్పి సూరిబాబు కర్ర చేతికిచ్చాడు. ఏనాడూ దాన్ని పల్లెత్తు మాట అనని మనిషి, ఆ రోజు కొట్టింది. చుక్కాలు దెబ్బ తిన్నది గాని అడుగు వెయ్యలేదు.

మూడోసారి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. గేదె ఆగితే ఆగనీ, నేను దాటుకుని పోతానని పక్కకి తప్పుకుంది. అప్పుడు చుక్కాలు రోడ్డుకి అడ్డం తిరిగింది. ఇటు వెళ్తే ఇటు, అటు వెళ్తే అటు. ఆదెమ్మ దాన్ని తిట్టింది, తోసింది, నీ మూలానే ఆ రోజు ఉండిపోయానని భోరుమంది. చివరికి దాని మెడతాడు పట్టుకునే ఇంటికి వచ్చింది.

ఆ సాయంత్రం కబురొచ్చింది. బిడ్డ పోయింది.

నీళ్ళు తీశాక చూస్తే రోడ్డు నడిమధ్యన తెగిపోయి ఉంది. ఇల్లు పట్టేంత గొయ్యి. అందులో పడితే మనిషి ఆనవాలు కూడా దొరకదు. గేదె ఆగింది దాని అంచునే. సూరిబాబు అది చూసి ఆ కర్రని గోతిలోకి విసిరేశాడు. ఊళ్ళోవాళ్ళు చుక్కాలుకి పసుపు రాసి బొట్టు పెట్టారు. ఆదెమ్మ మాత్రం దాని వైపు చూడకుండా పడవెక్కింది.

వరహాలు తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది. నెమ్మదిగా, "నీ ముక్కేనే అమ్మా. గెడ్డం కూడా నీదే," అంది. ఆదెమ్మ తన ముక్కు తడుముకుంది, గెడ్డం తడుముకుంది. మనవరాలి మొహం ఆవిడకి తెలిసింది అంతవరకే. మొదటి చూపూ లేదు, కడసారి చూపూ లేదు.

ఇంటికొచ్చాక పాకలోకి వెళ్ళింది. దెబ్బ తగిలిన చోట చెయ్యేసి నిలబడింది.

"నీ తప్పేం లేదే. నువ్వు ఆగాల్సిన చోటే ఆగావు. నేనే చేరాల్సిన చోటికి చేరలేకపోయాను."

చుక్కాలు మేత ముట్టకుండా అలాగే నిలబడింది. కాసేపటికి ఆదెమ్మే దాని నోటికి గడ్డి అందించింది.

రోడ్డు మళ్ళీ వేశారుట. అదే చోట, అంతే కిందుగా.

కథ కంచికి చేరింది,
గోదారి కడలికి చేరింది,
నా తల్లి కంటికి నిద్ర చేరింది.