మూడు శీతాకాలాల చట్టం

అమెరికాలో రైలింకా చేరని ఓ అడవి. అక్కడ ఎలైజా అనే నక్క ప్లీడరీ చేసేవాడు. జడ్జి తాబేలుగారి గది ఊడ్చి, ఆయన పుస్తకాలే చదివి ప్లీడరైనవాడు. ఆ రోజుల్లో అంతే, వేరే పరీక్షలేవీ లేవు. చదివిన చదువును మాత్రం ఎలైజా వృథా పోనివ్వలేదు.

ముళ్లపంది హన్నమ్మకి నది పక్క మిట్ట మీద వరద ఎక్కని బొరియ ఉండేది. చెల్లెలు మంచాన పడితే సేవ చేయడానికి అవతలి ఒడ్డుకి వెళ్లి, మూడు శీతాకాలాల తర్వాత తిరిగొచ్చింది. చూస్తే లోపల ఎలైజా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"బాబూ, అది నా ఇల్లు," అంది.

"ఒకప్పుడు, హన్నమ్మా. వరసగా మూడు శీతాకాలాలు ఎవరుంటే ఇల్లు వాళ్లది. అడవి ఆనవాయితీ."

జడ్జి తాబేలుగారు నిజమేనన్నారు. హన్నమ్మ ఆ వానలన్నీ ఓ పుచ్చిన దుంగ కింద గడిపింది.

అంతలో శాసనసభ ఎన్నికలొచ్చాయి. ఎలైజా నిలబడ్డాడు. హన్నమ్మ పొదపొదకీ తిరిగి అతనికి ఓట్లడిగింది.

"మతిపోయిందా వదినా? నీ ఇల్లు లాక్కున్నవాడికా?" అంది ఉడత.

"తెలివైనవాడమ్మా. రాజధానిలో ఉండాల్సినవాడు."

ఎలైజా గెలిచాడు. వెళ్లగానే ఆ ఆనవాయితీని చట్టం చేయించి, ఇంకో ముక్క కూడా చేర్పించాడు: యజమాని ఎందుకు ఇంట్లో లేడని కోర్టు అడగరాదు. దాంతో బొరియ గురించి బెంగ తీరిపోయింది. సభ లేని నెలల్లో విందులుండేవి, ఇంటికి రావడం కుదరలేదు. ఏటా హన్నమ్మే కబురంపేది: "ఇల్లు శుభ్రంగా ఉంది. నిశ్చింతగా దేశసేవ చేయండి."

పదవీకాలం మూడు శీతాకాలాలు. అది ముగించుకుని వచ్చేసరికి బొరియ గుమ్మంలో ముళ్లు కనిపించాయి. ఎలైజా దూరం నుంచే కాసేపు అరిచి, కోర్టుకెళ్లాడు.

"అయ్యా, నేను ప్రజాసేవలో ఉండి రాలేకపోయాను!"

"ఎందుకు రాలేదో నేను అడక్కూడదండీ," అన్నారు తాబేలుగారు, చట్టం తిరగేస్తూ. "రాసింది తమరే. ఇల్లు హన్నమ్మది."

ఎలైజా హన్నమ్మ వైపు తిరిగాడు. "నాకోసం ఊరంతా తిరిగి ఓట్లడిగావు కదా, హన్నమ్మా!"

"మీరు కదలకపోతే నేనెట్లా ఇంట్లో దిగేది బాబూ?" అంది హన్నమ్మ. "ఆ దుంగ కింద ఖాళీగానే ఉంది. కాస్త తడి, అంతే."

నీతి: పరాయి ఇంటి కోసం చట్టం రాసేవాడు తన ఇల్లు వదిలి వెళ్లకూడదు.