భైరవయ్య దండోరా

కొండవాగు సంస్థానంలో ఓబులేసు అనే వడ్రంగి ఊయలలు చేసేవాడు. కొనేవాళ్లు రాక దిగులుతో మంచం పట్టాడు. అది చూడలేక భార్య సింగమ్మ చెవికమ్మలు తీసి పట్టుకుని, దండోరా వేసే భైరవయ్య దగ్గరికి వెళ్లింది.

"నా డప్పు మోగితే ఊరు ఊరంతా చెవులు రిక్కించి వింటుంది. కమ్మలిచ్చి వెళ్లు, మీ ఊయలల సంగతి చాటుతాను" అన్నాడు భైరవయ్య మీసం దువ్వుతూ.

"ఇస్తాను బాబూ. ముందు ఒక్కసారి చాటి చూపించండి. రేపు మధ్యాహ్నం మీ ఇంట్లో ఊరందరికీ భోజనాలని చెప్పండి."

"ఓస్, అంతేనా!" అంటూ అతను డప్పు మెడకు తగిలించుకున్నాడు.

సింగమ్మ కమ్మలు కొంగున ముడేసుకుంది. "వద్దులెండి బాబూ. ఊరంతా వింటుందన్న నమ్మకం మీకే ఉంటే, ముందు ఇంట్లో బియ్యం చూసుకునేవారు."

భైరవయ్య ముఖం చిన్నబోయింది. ఆమె వెళ్లిపోతుంటే మెల్లగా పిలిచాడు. "అమ్మా, నా డప్పు ఎవరూ వినడం లేదు. ఊయల కావలసినవాళ్లంతా మంత్రసాని గంగులమ్మ ఇంటికి వస్తారు. ఆమె అరుగు మీద ఒకటి పెట్టి చూడు."

సింగమ్మ అలాగే పెట్టింది. వారం తిరక్కుండా ఒక ముసలావిడ, నిండు చూలాలైన కోడలిని వెంటబెట్టుకుని వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

ఓబులేసు లేచి కూర్చుని, "నా ఉలి ఎక్కడ పెట్టావే?" అని భార్యను అడిగాడు.