పెళ్ళి బొమ్మ వెనక ఇళ్ళు

మంత్రి గజపతయ్య తన కూతురి పెళ్ళి బొమ్మ గీయించడానికి చిత్రకారుణ్ణి వెంటబెట్టుకుని నగరమంతా తిరిగి, చివరికి ఏటి ఒడ్డు ఎంచుకున్నాడు. ఆ బొమ్మను రాజుగారి కొలువులో పెడతారు మరి. అయితే వధూవరులు నిలబడే చోటికి వెనకే కుమ్మరుల పూరిళ్ళు కనిపించాయి.

“అందం చెడగొడుతున్నాయి. రేపటికల్లా పీకేయండి,” అన్నాడు కుమ్మరులతో.

కుమ్మరి గురువమ్మ చేతి మట్టి కొంగుకు తుడుచుకుని ముందుకొచ్చింది.

“అలాగే తీసేస్తాం దొరా. ఇళ్ళు పోతే వెనకున్న కోటగోడ బొమ్మలో పడుతుంది. గోడకు మీవాళ్ళు రాళ్ళు ఊడబీకిన కంత కూడా పడుతుంది. ఆ రాళ్ళేమయ్యాయని రాజుగారు అడిగితే, మీ కొత్త మేడ చూపించమంటారా?”

మంత్రి వెంటనే చిత్రకారుడి వైపు తిరిగాడు.

“ఈ పూరిళ్ళు ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడు. ఒక్కటి కూడా వదలకుండా గియ్యి,” అన్నాడు.