ఈత రాని వంశం

ఉప్పుటేటి ఒడ్డున అసిరమ్మ ఇంట్లో ఉన్నంత తెలివి సముద్రం అవతల కూడా లేదు. ఆ మాట అసిరమ్మే చెప్పింది, కాబట్టి నిజమే.

ఆవిడ కొడుకు గరికయ్య కల్లుకి కూర్చుంటే తాటితోపు ఎండిపోయేది. ఆవులిస్తే పైన ఎగిరే కొంగలు తూలి పడేవి. పెళ్ళై ఏళ్ళు గడిచినా ఇంట్లో ఉయ్యాల కట్టలేదు.

"మనవడు కావాలి. వాడికి ఇంకో పిల్లని తెస్తా" అంది అసిరమ్మ.

"ముందు నీ కొడుకుని డాక్టరుకి చూపించు అత్తా" అంది కోడలు నూకాలు.

పట్నంలో డాక్టరమ్మ పరీక్షలు చేయించి, "లోపం మీ కోడలిది కాదమ్మా. ఇంత తాగుడుకి మీవాడి వీర్యకణాలు తగ్గిపోయాయి. ఉన్నవి కూడా నీరసపడి ఈదలేకపోతున్నాయి. తాగుడు మానేస్తే మూడు నెలల్లో పుంజుకోవచ్చు" అంది.

అసిరమ్మ గుండెలు బాదుకుంది. "ఈదలేవా! చేపలు పట్టే ఇంట్లో పుట్టి ఈదలేవా! ఎంత అప్రదిష్ట!"

అంతే. రెండో పెళ్ళి మాట గాలికి పోయింది. కొడుకు నడుముకి తాడు కట్టి ఏట్లోకి తోసింది. "చేతులు బాగా ఆడించరా, చూసి నేర్చుకుంటాయి!"

గరికయ్య ఈదీ ఈదీ పీతలకే విసుగు పుట్టించాడు. "మరి కల్లు సంగతేంటే అమ్మా?"

"తాగు. నడుం దాటి కిందికి దిగకుండా చూసుకుంటే చాలు" అని ఆ తాడే ఇంకా బిగించింది.

ఇంకేముంది, తాగిన కల్లు వచ్చిన దారినే ఎగిరి అసిరమ్మ కొప్పు తడిపింది. మళ్ళీ తాగాడు, మళ్ళీ తడిపింది. ఆఖరికి ముంత కనబడితేనే డోకు! తాడు విప్పాక కూడా కల్లు వైపు మొహం తిప్పలేదు.

కొన్నాళ్ళకి నూకాలు నెల తప్పింది. "ఈత వచ్చేసిందర్రా!" అని అసిరమ్మ వీధివీధికీ చాటింది.

నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రిలో డాక్టరమ్మ, "కంగారుపడకండి. ముందు ఉమ్మనీరు పోతుంది, ఆ వెనకే బిడ్డ వస్తుంది" అని లోపలికెళ్ళింది.

"నీళ్ళతో పాటు బిడ్డ కొట్టుకుపోతేనో?" అంది అసిరమ్మ.

గరికయ్య పరుగున పోయి విసురువల తెచ్చి గుమ్మానికెదురుగా కాపు కాశాడు. లోపల కేర్‌మంది. తలుపు తెరుచుకుంది. అంతే, విసిరేశాడు!

"ఆడపిల్ల..." అంటూనే డాక్టరమ్మ వలలో చిక్కుకుని గిలగిల్లాడింది.

అసిరమ్మ వంగి, వల కన్నాల్లోంచి తేరిపార చూసింది.

"కళ్ళజోడు ఉందిరా గరికా. ఇది మనది కాదు. వదిలేసి మళ్ళీ విసురు!"