కొమ్ములప్ప గుల్ల గొప్ప

కొండలు పుట్టిన కొన్నాళ్లకే పుట్టిన ముసలి సరస్సు అది. నత్తలు ఎన్ని రకాలున్నా, తినదగ్గ పాచి పట్టేది ఒక్క నల్లరాయికే. ఆ ఏడు నీళ్లు తగ్గి బురద కుళ్లింది. నున్న నత్త జిగురమ్మ పిల్లలతో రాయెక్కబోతే, ముళ్ల నత్త కొమ్ములప్ప అడ్డం పడ్డాడు.

"ఆగు! గుల్ల మీద ఒక్క ముల్లయినా లేదు, నీకు రాయి కావాలా? మాది సముద్రం నుంచి దిగొచ్చిన వంశం. ఇదిగో, నా పక్కనున్న ఈ అవతలి గట్టు ముళ్లదొర మా రక్తం. రాయి మా ఇద్దరిదీ!"

"గీకేవాడిదే రాయి, మామా! పిల్లలు మాడుతున్నారు."

"ఎవడే నీకు మామ?"

పుట్టుకను పట్టాగా మార్చుకున్నవాడికి ఆకలి కేక కూడా అల్లరిలాగే వినిపిస్తుంది. జిగురమ్మ గొంతు తగ్గించింది.

"సరే అయ్యగారూ, తాబేలు తాత ముందు తేల్చుకుందాం. గుల్ల పైది, ఎలాగైనా మారుతుంది. నాలుక మీది పళ్లు లోపలివి, వంశాన్ని బట్టి వస్తాయి. తమరి నాలుక పాచి మీద గీసే గీత ఎవరి గీతతో కలిస్తే వాళ్లే తమ వాళ్లు, వాళ్లకే రాయిలో వాటా. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకేం! మా దొర పక్కనుండగా నాకేం భయం?" అని కొమ్ములప్ప అందరి ముందూ ఒట్టేశాడు.

ముగ్గురూ పాచి మీద నాలుక లాగారు. ముళ్లదొరది చీపురుతో ఊడ్చినట్టు సన్నటి గీతలు. కొమ్ములప్పది నడుమ వెడల్పాటి చార, రెండు పక్కలా దువ్వెన పళ్లు. జిగురమ్మదీ అచ్చం అదే!

తాబేలు తాత మెడ సాచి చూసి నవ్వాడు. "ఒరే అప్పా, మామా అనడం దాని తప్పేరా. అన్నా అనాలి. ఈ దొర నీకేమీ కాడు."

"మరి ఈ ముళ్లో?"

"పూర్వం ఈ గట్టున పీతలు పెరిగాయి. ముల్లున్నవాడు మిగిలాడు, లేనివాడు ఫలహారమయ్యాడు. అవతలి గట్టునా అదే కథ. జిగురమ్మ వాళ్లది పీతలు దిగని బురద, ముళ్లతో పని పడలేదు. మీ ఇద్దరికీ కలిసింది భయం, రక్తం కాదు."

రాతి సందులోంచి పీత తొంగిచూసింది. "అయితే మీ వంశాలకు మూలపురుషుణ్ణి నేనేనన్నమాట! ఏడాదికోసారైనా దండం పెట్టుకోండిరా!"

సరస్సంతా నవ్వుల బుడగలు. ముళ్లదొర గుల్ల మూత బిగించుకున్నాడు. ఒట్టేసిన కొమ్ములప్ప అడ్డం తొలగి రాయికి ఆనుకున్నాడు. జిగురమ్మ పిల్లలు ఆ ముళ్లే మెట్లుగా పట్టుకుని రాయెక్కారు.

గుల్ల చూపి గోడ కట్టినవాడి మీద సాక్ష్యం వాడి నోట్లోనే ఉంటుంది.